మామ ఆంప్లిఫయర్‌కు నేను తగిలించిన వైర్లు

నా చెవుల గురించి నేను చెప్పుకున్నన్ని గొప్పలు మా చుట్టాల్లో ఇంకెవరూ చెప్పుకొని ఉండరు. ముదలియార్‌పేటలో మా మేడమీది హాల్లో మూడు జతల స్పీకర్లు, ఒక ఫారిన్ ఆంప్లిఫయరు, గోడ వారగా పాముల్లా వైర్లు. ఆదివారం ఎవరైనా ఇంటికొస్తే కాఫీ కంటే ముందు పాట వచ్చేది. "ఇప్పుడు వినండి. ఇదిగో, ఇప్పుడు తేడా చూడండి" అంటూ ఒకే పాటను నాలుగుసార్లు వినిపించేవాణ్ణి. తేడా తెలియకపోయినా మర్యాదకు అందరూ తలూపేవాళ్ళు. మా ఆవిడ ఒక్కతే వంటింట్లోంచి, "నాకన్నీ ఒకే మాదిరి వినిపిస్తాండాయి, నాకేమన్నా జబ్బా?" అనేది. నాకసలే ముక్కు మీద కోపం. ఆ మాటతో ఆ పూటకు అన్నం కూడా రుచించేది కాదు.

ఈ పిచ్చి లేనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. స్పీకరు దానంతటది పాడదు, వెనకనుంచి ఆంప్లిఫయరు దాన్ని తొయ్యాలి. ఒకే ఆంప్లిఫయరు ఒక స్పీకరుతో హాయిగా పాడి, ఇంకొక స్పీకరు దగ్గర ఆయాసపడుతుంది. అందుకే ఏది మంచిదో తేల్చాలంటే రకరకాల స్పీకర్లకు మార్చి మార్చి తగిలించి వినాలి. మా ఇంట్లో అరమీద పెట్టుకునే చిన్న జత ఒకటి, మా నాన్న కాలంనాటి చెక్కపెట్టెల జత ఒకటి, నేను ముచ్చటపడి తెప్పించుకున్న నిలువెత్తు స్పీకర్ల జత ఒకటి ఉన్నాయి. ఆ నిలువెత్తువాటిని కదిలించాలంటే ఆంప్లిఫయరుకు నిజమైన బలం కావాలి. వాటిని చూపించి భయపెట్టడం నాకు సరదా.

మా ఇంటికి రెండు వీధులవతల, ఇంటి ముందరి గదిలోనే రేడియోలూ మిక్సీలూ బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. రక్తసంబంధం లేదు. అరవం మాట్లాడే ఊళ్ళో రెండిళ్ళలోనూ తెలుగు మాట్లాడేవాళ్ళం గనక చిన్నప్పటినుంచీ నేనాయన్ను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. వయసులో ఉన్నప్పుడు తేంగాయితిట్టు రేవులో పడవలవాళ్ళ రేడియోలన్నీ ఆయన చేతిమీదుగానే పోయేవి. ఉప్పుగాలికి తుప్పుపట్టిన సెట్టును చెవి దగ్గర పెట్టుకొని, వేలితో రెండుసార్లు తట్టి, జబ్బు యాడుందో చెప్పేసేవాడు. నాకు సోల్డరింగు నేర్పింది కూడా ఆయనే. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

ఆ మామ రెండేళ్ళు కూర్చొని సొంతంగా ఒక ఆంప్లిఫయరు చేశాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు రాగితీగ కూడా తనే, చేత్తో తిప్పే చుట్టుడు మిషను మీద చుట్టుకున్నాడు. వెనకవైపు వైర్లు తగిలించే బిగింపులు నాలుగూ నల్లవే దొరికాయి. ఎరుపువి దొరకలేదు. దాంతో అత్త గోళ్ళరంగు తీసుకొని, ప్లస్ ఉన్న రెండింటి పక్కనా ఒక్కొక్క ఎర్రచుక్క పెట్టాడు. ఇంతా చేసి, దాన్ని వినడానికి సరైన స్పీకర్లు ఆయన దగ్గర లేవు.

అదే సమయంలో ఏంబలంలో మా పెద్దత్త కొడుకు, నాకు బావ, కొత్త ఇల్లు కట్టుకున్నాడు. పొలం పనులు చూసుకొని వచ్చి సాయంత్రం పాటలు వినాలని అతని కోరిక. హాల్లోకి మంచి ఆంప్లిఫయరు ఏదో చెప్పమని నన్నడిగాడు. మామ చేసింది ఒకటుంది, రెండూ పక్కపక్కన పెట్టి వినిపిస్తాను, నీకు నచ్చింది తీసుకో అన్నాను. నచ్చేది నాదేనని నాకు తెలుసు. మామతో ఈ మాట చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"బావగారింట్లో ఒగటి పెడితే నలుగురు వింటారు అల్లుడా. ఇంక ఈ మిక్సీలు ఆపేసి ఇవే చేసుకుంటా. కడాన అదొక్కటే ఆశ" అన్నాడు.

ఆదివారం పొద్దున పది గంటలకు ఆంప్లిఫయరును ఆటోలో తెచ్చాడు. ఇద్దరం పట్టుకొని మెట్లెక్కించాం. బావ అప్పటికే వచ్చి సోఫాలో కూర్చొని ఉన్నాడు. సోఫాలో ఇంకా చోటుంది. మామ తన పంచె వైపు ఒకసారి చూసుకున్నాడు. కరిగిన టంకం పడి అక్కడక్కడ కాలి, నూనె మరకలతో ఉంది. కుడివైపు స్పీకరు పక్కనున్న ముక్కాలిపీట లాక్కొని దానిమీద కూర్చున్నాడు. ఇలా వచ్చి కూర్చో మామా అని నేననలేదు. సోఫా కవర్లు కొత్తవి.

ముందు చిన్న జత పెట్టాం. నాదస్వరం, తవిల్ డోలు ఉన్న కచేరీ ఒకటి నా దగ్గరుంది, పరీక్షకు ఎప్పుడూ అదే వాడతాను. నా ఆంప్లిఫయరుతో ఒకసారి, మామదానితో ఒకసారి. తన ఆంప్లిఫయరుకు వైర్లు తనే తగిలించాడు మామ. రెండూ ఒకటిగానే ఉన్నాయని బావ అన్నాడు. నాకూ అలాగే అనిపించింది కానీ, పైకి మాత్రం నాదాంట్లో నాదస్వరం ఇంకా శుభ్రంగా ఉందని చెప్పాను.

తర్వాత చెక్కపెట్టెల జత. నా ఆంప్లిఫయరుతో బాగానే పాడాయి. మామ తనదాన్ని తనే తగిలించి పెట్టగానే బావ ముందుకు వంగాడు.

"ఏంది బావా ఇది! నీ ఫారిన్ దానికంటే మామదే బాగుండాదే. తవిల్ దెబ్బ పొట్టలో పడతాంది!"

నిజమే. ఎందుకో ఆ పాత పెట్టెలకు మామ ఆంప్లిఫయరు అతికినట్టు సరిపోయింది. మా నాన్న పోయాక వాటిలోంచి అంత మంచి ధ్వని నేను వినలేదు. సంతోషపడాల్సింది పోయి నాకు కడుపు మండింది. బంధువులందరిలో ఇన్నేళ్ళు సంపాదించుకున్న పెద్దరికం, మిక్సీలు బాగుచేసే మనిషి ముందు పోయేటట్టుంది.

"ఉండు బావా, ఏంది తొందర? అసలైన స్పీకర్లు ఇంకా పెట్టలేదు" అన్నాను.

నిలువెత్తు స్పీకర్లను ముందు నా ఆంప్లిఫయరుతో వినిపించాను. గంభీరంగా ఉంది. పాట ఆపి, వైర్లు ఊడదీసి, మామదాని వెనక్కి వెళ్ళాను. మామ పీట మీదనుంచి లేవబోయాడు.

"నేను తగిలిస్తా అల్లుడా."

"నువ్వు కూర్చో మామా. నాకు తెలీదా?"

గబగబా నాలుగు వైర్లూ దూర్చి, వచ్చి సోఫా మధ్యలో కూర్చొని పాట పెట్టాను. మొదటి దెబ్బకే తెలిసిపోయింది. తవిల్‌కు ప్రాణమే లేదు. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. నాదస్వరం ఎటునుంచి వస్తోందో తెలియకుండా గదంతా పలచగా పరుచుకుంది. బావ మొహం చిట్లించాడు. నాకు లోపల సంతోషం పొంగింది. ఈ సంగతి దాచి మిగతాది రాయడంలో అర్థం లేదు. పద్నాలుగేళ్ళప్పుడు నా చేతికి సోల్డరింగు ఐరను ఇచ్చిన మనిషి రెండేళ్ళ కష్టం నా కళ్ళముందు ఓడిపోతుంటే నాకు సంతోషం వేసింది.

"చూస్తివా బావా? చిన్న స్పీకర్లకైతే సరి. పెద్దవి తొయ్యాలంటే దీనికి బలం చాలదు" అన్నాను.

"అవును, బాసే లేదు మామా" అన్నాడు బావ, పాపం మొహమాటంగానే.

మామ తల పక్కకు వంచి విన్నాడు. కుడి స్పీకరు ఆయనకు మూరెడు దూరంలో ఉంది.

"నాకు నిండుగానే వినిపిస్తాందే" అన్నాడు. "వైర్లు సరిగా పడినాయా అల్లుడా?" అనడిగాడు.

ఆ ప్రశ్నకు నేను లేచి చూసి ఉంటే ఇంత కథ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. బావ ముందు నన్ను వైర్లు తగిలించడం రానివాణ్ణి చేస్తున్నాడనిపించింది.

"ఇరవై ఏండ్లుగా చేస్తాండా మామా, వైరు తగిలించేది కూడా నాకు రాదా? ముందు పోయి చెవులు చూపించుకో. వయసైంది గదా!"

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. మామ నవ్వలేదు. చేయి ఎత్తి ఒక చెవిని ఊరికే అలా తడుముకొని, "అట్లనా" అన్నాడు. పాట అయ్యేదాకా కూడా ఉండలేదు. భోజనం చేసి పొమ్మని మా ఆవిడ ఎంత బతిమాలినా, అత్త ఎదురుచూస్తాంటాదని చెప్పి దిగిపోయాడు. ఆంప్లిఫయరును మరుసటి రోజు వచ్చి తీసుకుపోతానన్నాడు.

చేపల పులుసుతో భోంచేసి, నేను వాడే ఆంప్లిఫయరు లాంటిదే కావాలని బావ అక్కడినుంచే షాపుకు ఫోను చేసి చెప్పేశాడు. అతన్ని బస్సెక్కించి వచ్చి, మా ఊళ్ళో నాలాంటి పిచ్చివాళ్ళ వాట్సాప్ గుంపు ఒకటుంటే, దాంట్లో పెద్ద తీర్పు రాశాను. ఇంట్లో చేసిన ఆంప్లిఫయరు, చిన్న స్పీకర్లకు పరవాలేదు, పెద్దవాటి ముందు చేతులెత్తేసింది అని. పెట్టీ పెట్టగానే మెచ్చుకోలు బొటనవేళ్ళు వచ్చి పడ్డాయి.

ఆ తర్వాత వైర్లు ఊడదీద్దామని వంగాను. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆంప్లిఫయరు వెనక పడుతోంది. రెండు ఎర్రచుక్కలూ మధ్యలో, పక్కపక్కన ఉన్నాయి. నా ఫారిన్ దాంట్లో వరస వేరు. ఎరుపు, నలుపు, మళ్ళీ ఎరుపు, నలుపు. మామ ఎడమ భాగాన్నీ కుడి భాగాన్నీ అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా కట్టాడు గనక ప్లస్సులు రెండూ మధ్యకొచ్చాయి. నేను చూడకుండా అలవాటు వరసలో దూర్చేశాను. కుడివైపు సరిగా పడింది, ఎడమవైపు తిరగబడింది. అలా తిరగబడితే ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. మధ్యలో కూర్చున్నవాడికి బాసు, అంటే తవిల్ దెబ్బలోని ఆ బరువు, మాయమవుతుంది. ఒక స్పీకరుకు ఆనుకొని కూర్చున్నవాడికి ఏ లోటూ తెలియదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు చెప్పే జాగ్రత్త ఇది. నాకు చెప్పింది మామే.

ఎడమవైపు రెండు వైర్లూ అటిటు మార్చి పాట పెట్టాను. కిటికీ ఊచలు అదిరాయి. నా ఫారిన్ ఆంప్లిఫయరు ఆ స్పీకర్లతో ఎన్నడూ అలా పాడలేదు. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"ఇదేందిది, ఇంత బాగుండాది? ఏ ఆంప్లి ఇది?"

"మనదే" అన్నాను.

ఫోను చేతిలోనే ఉంది. మామకు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. బావ ఇంకా ఊరు చేరి ఉండడు, షాపుకు చెప్పింది ఆపుకోవచ్చు. గుంపులో రాసింది తుడిపేయవచ్చు. కానీ వైరు తిరగేశాడట అని ఏంబలంలో మా చుట్టాలంతా నవ్వుకోవడం కళ్ళకు కట్టింది. రేపు మామ వస్తాడుగా, అప్పుడు నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో అద్దం ముందు నిలబడి అనుకొని కూడా చూసుకున్నాను.

మరుసటి రోజు మామ వచ్చాడు. నేను నోరు తెరిచే లోపలే ఆయన అందుకున్నాడు.

"నిన్న నువ్వు చెప్పకపోయింటే నాకు తెలిసేదే లేదు అల్లుడా. రాత్రంతా యోసన చేస్తి. నాకు బాగా వినిపిస్తాండాది, మీ ఇద్దరికీ లేదు. అంటే నా చెవులే గదా పోయింది? ఇంకెవురైనా అయితే మొగం మీద చెప్తారా? నవ్వి పంపిస్తారు."

పొగిడినవాడికి నిజం చెప్పడం తిట్టినవాడికి చెప్పడం కంటే కష్టం. ఇద్దరం ఆంప్లిఫయరు చెరోవైపు పట్టుకొని మెట్లు దిగాం. "వేలు జాగ్రత్త" అని దారి పొడుగునా నాకే చెప్పాడు. ఆటో కదిలేదాకా చెబుదామనే నిలబడ్డాను. కదిలాక లోపలికి వచ్చేశాను.

ఆ తర్వాత ఏడు నెలలు నేను బస్టాపుకు వేరే దారిలో నడిచాను. మామ ఇంటి మీదుగా వెళితే దగ్గర. నేను వెనక వీధిలోంచి, మురుగుకాలవ పక్కనుంచి వెళ్ళేవాణ్ణి. కబుర్లు మాత్రం మా ఆవిడ ద్వారా వచ్చేవి. మామ రేడియోలు తీసుకోవడం మానేశాడు. కూతురు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, వయసుకు బాగానే ఉన్నాయి, భయం లేదన్నాడట. మామ నమ్మలేదట. "డాక్టరుకు సంగీతం ఏం తెలుస్తాది? మా అల్లుడు చెప్పినాడు" అన్నాడట. ఆ మాట విన్న పూట నేను ఆఫీసుకు పోకుండా తలనొప్పని చెప్పి పడుకున్నాను.

చివరికి నన్ను అక్కడికి పంపింది మా మిక్సీ. వారం రోజులుగా గరగరమంటుంటే మా ఆవిడ దాన్ని సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. వేరే షాపుకు పోదామనుకున్నాను, పోయాను కూడా, అది మూసి ఉంది.

మామ ముందర ఇంకెవరిదో మిక్సీ తిరుగుతోంది. ఎదురుగా టీకొట్టాయన గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "సరిగా విని చెప్పప్పా, గరగర ఇంకా ఉండాదా?" అని మామ అతన్ని అరవంలో అడుగుతున్నాడు. టీకొట్టాయన విసుగ్గా, లేదు లేదు అంటూ వెళ్ళిపోయాడు. పడవ రేడియోను తట్టి జబ్బు చెప్పిన మనిషి, మిక్సీ శబ్దానికి పక్కవాడి సాక్ష్యం అడుగుతున్నాడు. చుట్టుడు మిషను ఉండే చోటు ఖాళీగా ఉంది. ఎవరికో ఇచ్చేశాడని తర్వాత తెలిసింది. ఆంప్లిఫయరు పెట్టె అరమీద ఉంది. పైమూత లేదు. లోపల వస్తువులేమీ లేవు, స్క్రూలు పోసి పెట్టుకున్నాడు.

ఇక ఆపుకోలేకపోయాను. సంచి కింద పెట్టకుండానే చెప్పేశాను.

"మామా, ఆ దినం వైరు తిరగేసి తగిలించింది నేనే. నీ ఆంప్లిలో ఏ తప్పూ లేదు. నీ చెవుల్లో కూడా లేదు."

మామ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా కోరుకున్నాను.

"ఏ పక్క?" అన్నాడు.

"ఎడమ పక్క."

కళ్ళు మూసుకొని ఆ గదిని గుర్తుచేసుకున్నాడు. "నేను కుడి స్పీకరు పక్కన కూర్చోనుంటి. అందుకే నాకు నిండుగా వినిపించింది. మీరు మధ్యలో ఉంటిరి" అని నెమ్మదిగా, లెక్క తేలినవాడిలా అన్నాడు. అని కళ్ళు తెరిచి నవ్వాడు. ఏడు నెలల్లో ఎవరూ ఆయన మొహంలో చూడని నవ్వు అది.

"ఎప్పుడు తెలిసింది అల్లుడా?"

ఏ అనుమానమూ లేకుండా, ఊరికే తెలుసుకుందామని అడిగాడు. ఆ రోజే తెలిసిందని చెప్పడానికి నాకు రెండు మాటలు చాలు.

"నిన్న" అన్నాను. "ఆ దినం తీసిన ఫోటో ఒకటి ఫోన్లో కనపడింది. ఎర్రచుక్కలు చూస్తి."

అంత వివరంగా, అంత తొందరగా వచ్చింది అబద్ధం. ఫోటో తియ్యనేలేదు.

"ఏమే, ఇట్ల రా!" అని మామ లోపలికి కేకేశాడు. అత్త వచ్చింది. ఆయన చెబుతుంటే ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఏడు నెలలు ఒక పాట పెట్టనియ్యలేదు నాయనా ఇంట్లో" అంది నాతో. నా చెయ్యి పట్టుకొని, "నిన్న తెలిస్తే ఈ పొద్దే పరుగెత్తుకొనొస్తివి. ఈ కాలంలో యెవురొచ్చి తప్పు ఒప్పుకుంటారు?" అంది. కాఫీ తెచ్చింది. మామ రోడ్డు దాటి టీకొట్టాయన దగ్గరికి వెళ్ళి, తన చెవులకేమీ కాలేదనీ, తప్పు తెలిసిన మరుసటి పొద్దే తన అల్లుడు వచ్చి చెప్పాడనీ గట్టిగా చెబుతున్నాడు. నేను అత్త ఇచ్చిన కాఫీ చివరిదాకా తాగాను. మా మిక్సీని మామ అప్పటికప్పుడే బాగుచేసి, పక్కవాణ్ణెవరినీ పిలవకుండా తనే విని, సరిగ్గా ఉందని ఇచ్చాడు.

ఇప్పుడు మామ మళ్ళీ ట్రాన్స్‌ఫార్మరు చుడుతున్నాడు. మిషను లేదు గనక వేళ్ళతోనే చుడుతున్నాడు. చుట్టు తప్పితే విప్పి మళ్ళీ మొదలుపెడతాడు. పూర్తయితే మొదట వినేది నేనేనట. మొన్న బావ ఏంబలం నుంచి ఫోను చేసి, "మంచి పని చేసినావు బావా, మామ అందరికీ చెప్తాండాడు" అన్నాడు. అవునని ఊరుకున్నాను.

ఇదంతా అరవంలో రాయడం నాకు తేలిక. బడిలో చదివింది అదే. ఇంట్లో మాట్లాడే తెలుగును చదవడం, రాయడం నెల్లూరులో ఉద్యోగం చేసిన నాలుగేళ్ళలో నేర్చుకున్నాను, ఇప్పటికీ ఒత్తులు తడుముకుంటాను. మామ అరవం పేపరు పొద్దున్నే చివరి పేజీ దాకా చదువుతాడు. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. అందుకే దీన్ని తెలుగులో రాశాను.